డెక్సా రిపోర్టు నార్మల్... మరి బొక్క ఎందుకు విరిగింది?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. వాకిట్లో కాలు జారి పడితే మణికట్టు దగ్గర బొక్క విరిగింది, పిండికట్టు వేశారు. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో నడుము టి-స్కోరు (వయసులో ఉన్నవారి ఎముకతో పోల్చే అంకె) మైనస్ 0.8, అంటే నార్మల్ వచ్చింది కాబట్టి భయం లేదన్నారు. భగీరథ నీళ్లు వచ్చేదాకా బోరు నీళ్లే తాగింది. పళ్లు చిన్నప్పటి నుంచే గోధుమ రంగు. ఈ మధ్య నడుము వంగుతోంది. ఏ డాక్టరుకు చూపించాలి?
- ఒక పాఠకురాలు, మునుగోడు మండలం

జవాబు: నిలబడ్డ మనిషి జారి పడినంత మాత్రానికే మణికట్టు విరిగిందంటే, స్కోరు ఎంతున్నా ఎముక పెళుసుబారిందని అనుమానించాల్సిందే. డెక్సా ఎముకలో ఖనిజం ఎంతుందో కొలుస్తుంది, అది ఎంత గట్టిగా అల్లుకుందో చెప్పదు. మీ అమ్మ తాగిన బోరు నీళ్లు, గోధుమ రంగు పళ్లు చూస్తే నీళ్లలోని ఫ్లోరైడ్‌ను అనుమానించాలి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో చిక్కగా కనబడుతుంది, బరువు పడితే ఆగదు. 1990లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉన్న మహిళలకు రోజూ 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి నాలుగేళ్లు చూశారు. నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. పూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. కాబట్టి మన నల్లగొండలో నడుము స్కోరు ఒక్కటే చూసి ధైర్యం చెప్పడం తప్పు. వయసు మీద పడ్డాక పూసల అంచుల్లో పెరిగే ముళ్లు కూడా ఆ అంకెను పెంచుతాయి.

తుంటి, ముంజేయి స్కోర్లు కూడా తీయించండి. వెన్నుకు పక్క నుంచి ఎక్స్‌రే తీస్తే అణిగిన పూసలు బయటపడతాయి; నడుము వంగడానికి అదే కారణం కావచ్చు. విరగని చేతి ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకుని ఉంటే ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) అని అర్థం. రక్తంలో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, క్రియాటినిన్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్ చూడాలి. కిడ్నీ బలహీనమైతే ఫ్లోరైడ్ ఒంట్లోనే నిలిచిపోతుంది, కొన్ని ఎముకల మందులూ పనికిరావు.

మందుల వరస ముఖ్యం. విటమిన్ డి, కాల్షియం సరిచేయకుండా ఎముక కరగకుండా ఆపే జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కిస్తే కాల్షియం పడిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కండరాలు పట్టేస్తాయి. అదే పని చేసే 70 మిల్లీగ్రాముల అలెండ్రొనేట్ మాత్ర వారానికొకటి రాస్తే, పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు. ఆ అరగంట చాయ్, పాలు, కాల్షియం మాత్ర కూడా వద్దు. మోకాళ్ల నొప్పికని ఊళ్లో వేయించుకున్న సూదుల్లో, మాత్రల్లో స్టెరాయిడ్ ఉందేమో తప్పకుండా డాక్టరుకు చెప్పండి. తైదల జావ, నువ్వులు, పాలు మానొద్దు.

ఎముకల డాక్టరుతో పాటు ఫిజీషియన్‌కో, ఎండోక్రైనాలజిస్టుకో (హార్మోన్ల డాక్టరు) చూపించండి. ఒకరు రాసింది ఇంకొకరు చూసేలా కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టండి.

ప్రశ్న: ఎముకల వార్డులో స్టాఫ్ నర్సును. తుంటి విరిగిన పెద్దవాళ్లు ఆపరేషన్ అయ్యాక వెళ్లిపోతారు, మళ్లీ విరగ్గొట్టుకుని వస్తారు. ఆసియా దేశాల డాక్టర్లు కలిసి ప్రమాణాలు రాశారట. మా దగ్గర ఏం చేయొచ్చు?
- నల్లగొండ

జవాబు: నిజమే. ఆసియా పసిఫిక్ దేశాల నిపుణులు 2019లో ఒక కూటమి కట్టి, 2021లో 16 కనీస ప్రమాణాలు ప్రచురించారు. వాటి పునాది మీరు చూస్తున్న లోపమే: సర్జన్ కుట్లు విప్పి పంపుతారు, ఫిజీషియన్‌కు విరిగిన సంగతే తెలియదు.

ఒక రిజిస్టరుతో మొదలుపెట్టండి. 50 దాటి, జారి పడి ఎముక విరిగిన ప్రతి మనిషి పేరు, ఇంట్లో ఎత్తే ఫోన్ నంబరు, తాగిన నీళ్లు, స్టెరాయిడ్ వాడకం, క్రియాటినిన్, విటమిన్ డి రాయండి. డిశ్చార్జి కాగితంలో ‘పెళుసుదనం వల్ల విరిగింది’ అన్న మాట సర్జన్ చేత రాయించండి. ఆ ఒక్క మాట లేకే చికిత్స ఆగిపోతుంది. తుంటి విరిగినవారికి జోలెడ్రోనిక్ యాసిడ్ ఇవ్వాలంటే కనీసం రెండు వారాలు ఆగాలి, కాబట్టి ఆ తేదీ ఇంటికి పంపే ముందే ఖాయం కావాలి. నాలుగు నెలలకు ఫోన్ చేసి మందు వాడుతున్నారో లేదో అడగండి. చిక్కు కేసులను మహబూబ్‌నగర్, సూర్యాపేట మెడికల్ కాలేజీల వారితో, బీబీనగర్ ఎయిమ్స్ వారితో నెలకోసారి వీడియోలో మాట్లాడుకోమని మీ డాక్టర్లను అడగండి. ఫ్లోరోసిస్ ఎక్స్‌రేలు చదివే అనుభవం అలాగే పంచుకోవాలి.

ప్రశ్న: అమ్మకు ఎముక కరగకుండా ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ సూది వేస్తున్నారు. పనికోసం పుణె పోతున్నాం, సంక్రాంతికి వచ్చాక వేయించొచ్చా? అప్పటికి ఆరు నెలల గడువు దాటిపోతుంది.
- అచ్చంపేట

జవాబు: వద్దు. ఏడో నెల దాటనివ్వకండి. మందు పని ఆగగానే ఎముక వేగంగా కరిగి, ఒకేసారి నాలుగైదు పూసలు అణిగిన వాళ్లూ ఉన్నారు. చీటీ తీసుకెళ్లి పుణెలోనే వేయించండి. ఇక్కడ కొని తీసుకెళ్లేట్టయితే 2 నుంచి 8 డిగ్రీల మధ్య, గడ్డకట్టకుండా ఐస్ డబ్బాలో పెట్టండి.