మాట తీరు చూసి ఉద్యోగమిస్తే

ప్రశ్న: మా సంస్థలో నలభై మంది పనిచేస్తారు. గత ఏడాది అకౌంట్స్ విభాగంలోకి ఇద్దరిని తీసుకున్నాం. ఇద్దరూ ఇంటర్వ్యూలో మమ్మల్ని బాగా ఆకట్టుకున్నారు. ఒకరు మూడో నెలలోనే మానేశారు. రెండోవారిని ఆరు నెలలు భరించి పంపించేశాం. పదిహేనేళ్లకు పైగా అనుభవమున్న ముగ్గురం కూర్చుని ఎంపిక చేసినా ఇలా ఎందుకు జరుగుతోంది?

జవాబు: "బాగా ఆకట్టుకున్నారు" అని మీరు రాసిన చోటే నాకు సందేహం మొదలైంది. లెక్కలు సరిచూడవలసిన మనిషికి ముగ్గురు పెద్దవాళ్లను ముప్పావు గంటసేపు మాటలతో మెప్పించవలసిన అవసరం ఆ ఉద్యోగంలో ఎప్పుడైనా పడుతుందా? తడబడకుండా మాట్లాడటం, చక్కగా నవ్వడం, మీరు చదివిన కాలేజీలోనే చదివి ఉండటం వంటివి కలిసి ఒక మంచి అభిప్రాయాన్ని కలిగిస్తాయి. ఆ అభిప్రాయం మనకు తెలియకుండానే పనితనం మీదికి కూడా పాకుతుంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే ఈ దోషాన్ని పట్టుకున్నాడు. సైన్యాధికారులు తమ కిందివారికి వేసిన మార్కులను ఆయన పరిశీలిస్తే, దేహదారుఢ్యం బాగుందన్న వాడికే తెలివితేటల్లోనూ, నాయకత్వంలోనూ, నడవడిలోనూ మంచి మార్కులు పడుతున్నట్లు తేలింది.

ఇక అనుభవం సంగతి. వంట చేసేవారికి ఉప్పు ఎక్కువైతే ఆ పూటే తెలుస్తుంది. ఉద్యోగులను ఎంపిక చేసేవారికి అటువంటి అవకాశం లేదు. తీసుకున్నవాడు ఎలా పనిచేశాడో ఏడాది తర్వాత గాని తెలియదు, అప్పటికి ఇంటర్వ్యూలో ఏమనుకున్నామో గుర్తుండదు. వద్దని పంపినవాడు వేరే చోట ఎంత బాగా రాణించినా ఆ కబురు మన దాకా రాదు. కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ పెరిగేది మన ధీమాయే తప్ప మన అంచనా కాకపోవచ్చు. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక వైద్య కళాశాల విషయంలో ఇది అనుకోకుండా బయటపడింది. 1979లో అక్కడ సుమారు ఎనిమిది వందల మందిని ఇంటర్వ్యూ చేసి, వరుసలో పైనున్నవారి నుంచి 150 మందిని చేర్చుకున్నారు. తీరా ఆ తర్వాత మరో 50 సీట్లు నింపాలని చట్టసభ ఆదేశించింది. అప్పటికి మంచి ర్యాంకుల వారంతా ఇతర కళాశాలలకు వెళ్లిపోవడంతో, ఏడు వందల ర్యాంకు తర్వాత ఉన్నవారిని పిలవక తప్పలేదు. చదువులోనూ, రోగులను చూసే శిక్షణలోనూ ఈ రెండు జట్ల మధ్య చెప్పుకోదగిన తేడా ఏమీ కనిపించలేదు. వారిని వెనక్కి నెట్టింది చాలావరకు ఇంటర్వ్యూలే!

మీ విషయంలో తప్పు ఇంటర్వ్యూ గదిలోకి రాకముందే మొదలై ఉంటుందని నా అనుమానం. ఎవరో రాజీనామా ఇస్తారు, నోటీసు గడువు నెల రోజులే ఉంటుంది, పాత ప్రకటననే తేదీ మార్చి మళ్లీ వేస్తారు. కొత్తగా వచ్చే మనిషి మొదటి ఆరు నెలల్లో ఏ పనులు పూర్తి చేయాలో ఎవరూ కాగితం మీద పెట్టరు. కుర్చీ నిండితే చాలుననిపించే ఆ స్థితిలో, రెండో వారం కనిపించిన అభ్యర్థి నిజంగా ఉన్నదానికంటే యోగ్యుడిగా కనిపించడంలో వింత లేదు.

ఈసారి ముందు ఆ కాగితం రాయండి. అభ్యర్థులందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగండి. ముగ్గురూ ఎవరి మార్కులు వారు వేసుకున్నాకే చర్చకు కూర్చోండి, ఎందుకంటే మొదట నోరు తెరిచిన పెద్దాయన అభిప్రాయానికే మిగతా ఇద్దరూ తల ఊపడం సర్వసాధారణం. దానితో పాటు పని కూడా చేయించి చూడండి. ఒక నెల బ్యాంకు స్టేట్‌మెంటు, దానికి సంబంధించిన లెడ్జరు పేజీలు ఇచ్చి, అందులో మీరే మూడు తప్పులు దాచి, గంట సమయమివ్వండి. రెండుసార్లు నమోదైన చెల్లింపును పట్టుకున్నవాడు ఎవరో, తేడా వచ్చిందని గుర్తించి కూడా ఆ మొత్తాన్ని 'ఇతర ఖర్చులు' కింద తోసేసినవాడు ఎవరో ఆ గంటలో తేలిపోతుంది. ఈ రంగంలో జరిగిన ఎన్నో పరిశోధనలను క్రోడీకరించి 2022లో వెలువడిన ఒక సమీక్షలో, ఇలా అందరినీ అవే ప్రశ్నలడుగుతూ పద్ధతి ప్రకారం సాగే ఇంటర్వ్యూ అన్నిటికన్నా మెరుగైన కొలమానంగా నిలిచింది. తోచినట్లు ముచ్చటించే ఇంటర్వ్యూ దానికి చాలా దిగువన ఉంది. రెజ్యూమెలో మనం మొదట వెతికే 'ఎన్నేళ్ల అనుభవం' ఇంకా కిందికి పోయింది.

ప్రశ్న: తప్పు మనిషిని తీసుకుంటే నష్టం నిజంగా ఎంత? మా యజమాని "పోయింది ఆరు నెలల జీతమే కదా" అంటారు.

జవాబు: జీతం కనిపించే ఖర్చు కనుక ఆయన దానినే లెక్కపెడుతున్నారు. కొత్తవారికి పని నేర్పడానికి మేనేజరు రోజుకు రెండు గంటల చొప్పున రెండు నెలలు కేటాయించారనుకోండి, ఎనిమిది గంటల పనిదినంలో అది మేనేజరు జీతంలో సరిగ్గా అర నెల. ఆ కొత్త ఉద్యోగి వెళ్లాక కుర్చీ ఖాళీగా ఉన్న కాలం, మళ్లీ ప్రకటన, మళ్లీ ఇంటర్వ్యూలు, మళ్లీ అదే శిక్షణ. చెడిన లెక్కలు సరిదిద్దడానికి సహోద్యోగులు సెలవు రోజుల్లో వచ్చి కూర్చున్న గంటలు ఏ పద్దులోనూ ఉండవు. అమెరికాలో 2012లో పాత అధ్యయనాలను సమీక్షించినవారు, చాలా ఉద్యోగాల్లో ఒకరి స్థానంలో మరొకరిని తెచ్చుకోవడానికి ఏడాది జీతంలో అయిదో వంతు ఖర్చవుతుందని లెక్కగట్టారు. అందులో మనిషి మారడానికయ్యే ఖర్చే ఉంది. పాడైన పని లేదు.

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. పక్కవాడి పని తన మీద పడుతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదని విసిగి, మీ దగ్గరున్న మంచి ఉద్యోగి ఒకరు వెళ్లిపోవడం. యాభై వేలకు పైగా ఉద్యోగుల వివరాలతో 2015లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, అందరిలో అగ్రస్థానాన ఉండే ప్రతిభావంతుణ్ని తెచ్చుకోవడం వల్ల కలిగే లాభం కన్నా, వాతావరణాన్ని చెడగొట్టే ఒక్కణ్ని తీసుకోకుండా ఉండటం వల్ల మిగిలేది రెట్టింపుకు పైగా ఉంది. మీ యజమానిగారు గొప్ప ప్రతిభ కోసం వెతికేవారైతే ఆయనకు ఈ ఒక్క సంగతి చూపించండి.

ప్రశ్న: కొత్తగా చేరిన వ్యక్తి పనికి సరిపోడని నెలలోనే తెలిస్తే ప్రొబేషన్ ముగిసేదాకా ఆగాలా?

జవాబు: ఆగనవసరం లేదు గాని, ముందు ఒక పని చేయండి. ఇంటర్వ్యూలో ఏ పని అప్పగిస్తామన్నారో ఆయననే అడిగి రాయించుకుని, ఈ నెల రోజులూ ఆయన చేసిన పనుల పట్టికను దాని పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే మర్యాదగా, గడువు సాగదీయకుండా పంపించవచ్చు. రెండింటికీ పొంతన లేకపోతే, ఆయన స్థానంలోకి ఎవరు వచ్చినా మీరు ఇదే ప్రశ్న మళ్లీ రాయవలసి వస్తుంది.