వారియర్స్ కథల్లో వైద్యం చేసే పిల్లులు వాడే మొక్కలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి, కొన్నింటికి పేర్లే మార్చారు. ఎరిన్ హంటర్ 'వారియర్స్' నవలల్లో అడవి పిల్లులు 'చావుపండ్లు' అని భయపడేవి యూ (yew) అనే విషపు చెట్టు పండ్లే. పైన ఎర్రటి గుజ్జులో విషం ఉండదు. లోపలి గింజలోనూ ఆకుల్లోనూ ఉండే టాక్సీన్ (taxine) అనే విషం గుండెనే ఆపేస్తుంది. పొరపాటున తిన్న పిల్లికి కథలో యారో (yarrow) అనే మూలిక ఆకు పెట్టి కక్కిస్తారు. దయచేసి ఇంట్లో ఇలా చేయకండి, యారో కూడా పిల్లులకు పడదు. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

కథలో దగ్గుకు ఇచ్చే క్యాట్‌మింట్ అనే పుదీనా జాతి మొక్క అసలు దగ్గు మందే కాదు. అందులోని నెపెటలాక్టోన్ అనే రసాయనం వాసన తగిలితే చాలు, చాలా పిల్లులు మత్తెక్కి నేలమీద దొర్లుతాయి. మన దగ్గర కుప్పింటాకు వేరు కూడా పిల్లుల్ని ఇలాగే ఆకర్షిస్తుంది. పెరట్లో ఆ మొక్కను వేరుతో పీకి చూడండి, పిల్లి వచ్చి మొహం రుద్దుకోవచ్చు.