సగటు 29 డిగ్రీలైతే మే నెల ఎండ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మా అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం వెతికితే నెల్లూరు సగటు ఉష్ణోగ్రత ఏడాదికి సుమారు 29 డిగ్రీలని తేలింది. మే నెలలో 42, 43 డిగ్రీలు చూసే మాకు ఈ అంకె నమ్మేలా లేదు. దీన్ని ఎలా లెక్కిస్తారు?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: అంకె సరైనదే. ఒక రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను కూడి రెండుతో భాగిస్తే ఆ రోజు సగటు వస్తుంది. రోజుల సగటుల నుంచి నెలకూ, నెలల నుంచి ఏడాదికీ లెక్క తేలుతుంది. వాతావరణ శాఖ ‘సాధారణం’ అని చెప్పేది ఇలాంటి 30 ఏళ్ల లెక్కనే. ఇటీవలి లెక్క 1991 నుంచి 2020 వరకు ఉన్న కాలానిది. కనుక తెల్లవారుజామున నమోదయ్యే కనిష్ఠానికీ, మిట్టమధ్యాహ్నపు గరిష్ఠానికీ ఆ అంకెలో సమాన వాటా ఉంటుంది. పైగా ధర్మామీటరును గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల పైన, నీడలో ఉంచుతారు కాబట్టి, ట్రంకురోడ్డు మీద నడిచేవారి నెత్తిన పడే ఎండ అందులో లెక్కకు రాదు.

అమ్మాయి చేత ఏడాది సగటు ఒక్కటే రాయించకండి. ప్రతి నెలకూ పగటి అంకె, రాత్రి అంకె విడివిడిగా రాయించండి. నెల్లూరులో జనవరి సగటు గరిష్ఠం దాదాపు 30, కనిష్ఠం 20 పైచిలుకు. మే నెలలో గరిష్ఠం 40కి చేరువగా ఉంటే, కనిష్ఠం 28 దగ్గర ఆగిపోతుంది. అంటే మే నెల తెల్లవారుజాముకూ జనవరి మధ్యాహ్నానికీ మధ్య తేడా రెండు డిగ్రీలే. మిద్దె మీద పక్క వేసుకున్నా నిద్ర ఎందుకు పట్టదో ఈ ఒక్క పోలిక చెబుతుంది. 29 అన్న అంకె చెప్పలేదు.

అలాగని సాధారణం పనికిరానిదేమీ కాదు. వడగాలులను ప్రకటించడానికి వాతావరణ శాఖ చూసే ప్రమాణాల్లో ముఖ్యమైనది, గరిష్ఠం సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండటం. సాధారణమే 40 ఉన్న ఊళ్లో 43 వచ్చినా ఆ లెక్కకు అందదు. మనకు మాత్రం చెమట తక్కువేమీ పట్టదు!

ప్రశ్న: రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు, సరే. మృగశిర వచ్చినా మా వైపు చల్లబడదెందుకు?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందన్న సామెత జూన్ వానలు గట్టిగా పడే సీమలకు తగినది. హైదరాబాదులో మే నుంచి జూన్‌కు సగటు గరిష్ఠం నాలుగైదు డిగ్రీలు పడిపోతుంది. నెల్లూరులో తగ్గేది రెండు డిగ్రీలే. నైరుతి గాలి తన తేమలో ఎక్కువ భాగాన్ని పడమటి కనుమల మీదే కురిపించి, పీఠభూమిని దాటి, నల్లమల, వెలికొండల మీదుగా మన మైదానంలోకి దిగుతుంది. కొండ దిగే గాలి నొక్కుకుపోయి మరింత వేడెక్కుతుంది. మనం పడమటి గాలి అని తిట్టుకునేది దీన్నే.

దీనికి విరుగుడు సముద్రపు గాలి. మధ్యాహ్నానికి నేల బాగా కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తే, కడలి మీది చల్లగాలి ఆ చోటికి వస్తుంది. అయితే పడమటి గాలి బలంగా వీచే రోజుల్లో అది తీరం దగ్గరే నిలిచిపోయి, ఏ సాయంత్రానికో లోపలికి వస్తుంది, ఒక్కోనాడు రానేరాదు. అది రెండు గంటలకు వచ్చిన రోజుకూ, ఆరింటికి వచ్చిన రోజుకూ గరిష్ఠంలో తేడా ఉండేది ఇందుకే. ఎడగారు వరి, అంటే వేసవిలో సాగే వరి, వేసిన నెల్లూరు రైతు కూడా ఈ గాలినే కనిపెట్టుకుని ఉంటాడు. పూత వేళ వేడి 35 డిగ్రీలు దాటితే తాలు పెరుగుతుంది.

సూర్యుడు నెల్లూరు నడినెత్తికి వచ్చేది ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ ఇంకొకసారి. మొదటిసారి కాగిన నేల వేడిని కూడబెట్టుకుంటూ పోవడంతో తీవ్రత మే నెలలో ముదురుతుంది. రెండోసారికి మబ్బులు అడ్డుపడతాయి. అయినా జూలై, ఆగస్టుల్లో సాయంత్రపు జల్లులతో తగ్గేది కొంతే. ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడుతుంది కాబట్టి, నెల్లూరులో పగటి గరిష్ఠం స్పష్టంగా దిగివచ్చేది కూడా అప్పుడే.