దిష్టి కాదమ్మా, అలారం

ప్రశ్న: సార్, మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. పాప ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఉన్నట్టుండి నీట్ వద్దు, కలల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. నాలుగింటికి లేపితే బయాలజీ తీయకుండా ఆ రాత్రి వచ్చిన కల నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. మావారు ఆ నోట్‌బుక్ లాక్కుని బీరువాలో పెట్టారు. మా అత్తగారు దిష్టి తీయించమంటున్నారు. అసలు అలాంటి చదువు ఉందా? ఎంబీబీఎస్‌తో పోలిస్తే ఎలా ఉంటుంది?

జవాబు: అమ్మా, ముందు ఆ నోట్‌బుక్ పాపకి ఇచ్చేయండి.

మీరు అడిగింది కోర్సు గురించే గానీ మీ అసలు భయం వేరు, పిల్లకి ఏమైనా అయిందేమోనని. పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తానన్న పిల్లల తల్లులు కూడా నన్ను ఇదే అడిగారు. ఏమీ కాలేదు. నిద్రలో ఇంచుమించు 90 నిమిషాలకోసారి కనురెప్పల కింద కళ్లు చకచకా కదిలే దశ వస్తుంది, దాన్ని రెమ్ అంటారు, తెల్లారే కొద్దీ దాని నిడివి పెరుగుతుంది. 1953లో షికాగో యూనివర్సిటీలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు ఈ దశలో మనుషుల్ని 27 సార్లు లేపి అడిగితే 20 సార్లు కలని వివరంగా చెప్పారు. కళ్లు కదలనప్పుడు 23 సార్లు లేపితే 19 సార్లు ఏమీ గుర్తులేదన్నారు. రోజూ నాలుగింటికి లేపుతున్నారంటే మీ ఇంట్లో జరుగుతున్నది దాదాపు ఆ ప్రయోగమే, కాకపోతే పాపని అడక్కుండా. ఆ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఎన్ని గంటలు పడుకోనిస్తున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, నాలుగింటికి లేపుతున్నామని మాత్రం గొప్పగా రాశారు.

మీవారు అనుకుంటున్నది బహుశా పంచాంగంలో బల్లిపాటు పక్కన ఉండే స్వప్న ఫలితాలు, పాము కనిపిస్తే ఇది, పళ్లు ఊడితే అది అని. పాప అంటున్నది అది కాదు. 2021లో అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు, ఇది కలే అని కలలోనే తెలుసుకోగలిగిన ఒక కుర్రాణ్ణి నిద్రలో ఉండగానే 8 లోంచి 6 తీసేస్తే ఎంత అని అడిగారు. రెప్పల కింద కళ్లని రెండుసార్లు పక్కలకి తిప్పి రెండు అని చెప్పాడు, లేవకుండానే. మీ ఇంట్లో దిష్టి అంటున్నది ఈ చదువుని చూసి.

నాకు అనుమానం ఉన్నది వేరే దాని మీద. రీల్స్‌లో ఇప్పుడు డ్రీమ్ అనలిస్ట్, లూసిడ్ డ్రీమ్ (కల అని తెలిసి కనే కల) కోచ్ అని తెగ వస్తున్నాయి, పాప అవి చూసే ఈ దారి పట్టిందేమో నెమ్మదిగా అడగండి. పోయినేడాది ఒక అబ్బాయి లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ తెచ్చాడు. ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు, 30 వేలు కట్టాడు, వాళ్ల నాన్న చిట్టీ ఎత్తి ఇచ్చిన డబ్బు. దీంతో ఏ ఆస్పత్రిలో చేరొచ్చు సార్ అన్నాడు. ఎక్కడా చేరలేవు నాన్నా అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, అది ఇలాంటి కాగితాలతో రాదు.

పోలిక అడిగారు కాబట్టి రెండు ముక్కలు. ఎంబీబీఎస్ చేసి సైకియాట్రీకో న్యూరాలజీకో వెళ్తే నిద్ర జబ్బుల వైపు రావచ్చు. కలలో ఎవరితోనో కొట్లాడుతూ నిజంగానే పక్కనున్న మనిషిని తన్నే పేషెంట్లు ఉంటారు, కొందరిలో అది ఏళ్ల తర్వాత రాబోయే పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకి తొలి గుర్తు. డాక్టర్ కాకుండా అయితే సైకాలజీయో లైఫ్ సైన్సెసో డిగ్రీ, తర్వాత కాగ్నిటివ్ సైన్స్‌లో, అంటే మెదడు, మనసు ఎలా పనిచేస్తాయో చదివే దాంట్లో, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. దానికి గచ్చిబౌలి దాటక్కర్లేదు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ట్రిపుల్ ఐటీలోనూ కాగ్నిటివ్ సైన్స్ ఉంది. నిద్ర మీద పరిశోధనకి బెంగళూరు నిమ్హాన్స్ పెద్ద పేరు. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37 వేలు, మీ చుట్టాల సాఫ్ట్‌వేర్ అబ్బాయి జీతంతో పోల్చకండి. కలల శాస్త్రవేత్త అని ఉద్యోగం పేరు ఎక్కడా ఉండదు, నిద్ర మీదో జ్ఞాపకశక్తి మీదో పనిచేస్తూ కలల్ని పట్టుకోవాలి, ఆ సంగతి పాపకి ఇప్పుడే చెప్పండి.

నీట్ రాయనివ్వండి, చదివిన బయాలజీ రెండు దారుల్లోనూ పనికొస్తుంది. పరీక్ష అయ్యాక తెలిసిన డాక్టర్ ఎవరైనా ఉంటే స్లీప్ ల్యాబ్ చూపించమని అడగండి. తలకి వైర్లు అంటించుకుని ఎవరో గురకపెడుతుంటే పక్క గదిలో రాత్రంతా స్క్రీన్ మీద గీతలు చూస్తూ కూర్చోవడమే అక్కడి పని. అది చూశాక కూడా ఇదే కావాలంటే అప్పుడు మాట్లాడదాం.

ఈలోగా పాపని పదింటికల్లా పడుకోనిచ్చి, అలారం ఆరుకి మార్చండి. నోట్‌బుక్‌లో తేదీ, పడుకున్న టైము, లేచిన టైము, కల గుర్తుందా లేదా అని నాలుగు గళ్లు గీసుకోమనండి. ఇదివరకటి నాలుగింటి అలారం రోజులవీ ఆరింటి రోజులవీ పక్కపక్కన పెట్టి, ఏం తేలిందో నాకు మీరు కాదు, పాపనే రాయమనండి.