గోడకు చెప్పిన గుసగుస

ప్రశ్న: న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో ఒక మూల గుసగుసలాడితే ఎదురు మూలలో వినిపిస్తుందట, నిజమేనా? అక్కడి పైకప్పు మీద నక్షత్రాలు తిరగబడి ఉన్నాయని కూడా విన్నాను.

జవాబు: రెండూ నిజమే. గుసగుసల చోటు కింది అంతస్తులో, ఆయిస్టర్ బార్ అనే రెస్టారెంట్ ముందు ఉంది. నలుమూలలా స్తంభాలు, వాటి మీద గ్వాస్టవినో అనే పలుచని మట్టి పలకలతో కట్టిన తక్కువ ఎత్తు గుమ్మటం. ఐమూలగా ఇద్దరు నిలబడాలి, ఇద్దరూ గోడకే ముఖం పెట్టాలి. మూలలోకి మెల్లగా మాట్లాడితే శబ్దం నున్నని వంపును పట్టుకుని అవతలి మూలకు దిగుతుంది. చాలామంది చేసే పొరపాటు హాలు వైపు తిరిగి మాట్లాడటం. అప్పుడు మాట జనం గోలలో కలిసిపోతుంది. రద్దీ వేళ ప్రయత్నించకపోవడమే మేలు.

ఇక నక్షత్రాలు. స్టేషన్ 1913 ఫిబ్రవరి 2న తెరుచుకుంది. కొన్నాళ్లకే ఒక ప్రయాణికుడు తూర్పు పడమరలు తారుమారయ్యాయని పట్టేశాడు. చిత్రమేమిటంటే ఓరియన్ (వేటగాడి) నక్షత్రరాశి మాత్రం సరిగ్గానే ఉంది! ఇప్పుడు కనిపించేది అసలు బొమ్మ కాదు. నీరు కారి అది పాడైతే, 1940లలో దాని మీద పలకలు బిగించి మళ్లీ గీశారు. తప్పును మాత్రం దిద్దలేదు. 1998లో ముగిసిన శుభ్రతలో కర్కాటక రాశిని చూపే పీత బొమ్మ దగ్గర చిన్న నల్లటి ముక్కను కావాలనే వదిలేశారు, ఎంత మసి పట్టిందో తెలియాలని.

ఈ భవనం మీద ఆకాశహర్మ్యం కట్టబోతే నగరం అడ్డుకుంది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు నగరం పక్షానే తీర్పిచ్చింది.