ఒకే పేషెంటుకు న్యూస్‌2 స్కోరు మీకు 6, మీ కొలీగ్‌కు 3 ఎందుకొచ్చింది?

న్యూస్‌2 అంటే పల్స్, ఆక్సిజన్ శాతం లాంటి రీడింగులకు పాయింట్లిచ్చి, పేషెంటు పరిస్థితి ఎంత విషమిస్తోందో చూపే స్కోరు. మీరిద్దరూ రక్తంలోని ఆక్సిజన్ శాతానికి వేర్వేరు స్కేళ్లు వాడారు, తేడా అక్కడే వచ్చింది. కూడికలో తప్పేమీ లేదు.

మీరిచ్చిన రీడింగులే తీసుకుందాం: సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) పేషెంటు, ఆక్సిజన్ పెట్టాక 90 శాతం, పల్స్ 96, మిగతావాటన్నిటికీ పాయింట్లు సున్నా.

1. స్కేల్ 1: 90 శాతానికి 3, ఆక్సిజన్ మీద ఉన్నందుకు 2, పల్స్‌కు 1. మొత్తం 6.
2. స్కేల్ 2: 88–92 మధ్య ఉంటే 0. ఆక్సిజన్‌కు 2, పల్స్‌కు 1. మొత్తం 3.

ఏది సరైనదో కేస్‌షీట్ చూస్తేనే తెలుస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. సీఓపీడీ అని రాసి ఉన్నంత మాత్రాన స్కేల్ 2 వాడకూడదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే శ్వాస వైఫల్యం ఉందని తేలాలి, సాధారణంగా ఏబీజీలో (ధమని రక్తంలోని వాయువుల పరీక్ష) తెలుస్తుంది. టార్గెట్ 88–92 అని డాక్టర్ నిర్ణయించి చార్టులో రాయాలి. ఆ రాత లేకపోతే స్కేల్ 1 మాత్రమే. అప్పుడు మీ 6 కరెక్టు, 5 గానీ అంతకు మించి గానీ వస్తే అత్యవసరమే కాబట్టి వెంటనే డాక్టర్‌కు చెప్పండి. పేషెంటు కుదురుగా కూర్చుని మాట్లాడుతున్నాడని ఆగొద్దు.

స్కేల్ 2 రాసి ఉంటే పై హద్దు కూడా చూడండి. ఆక్సిజన్ మీద 97 గానీ అంతకు మించి గానీ వస్తే 3 పాయింట్లు. ఈ పేషెంట్లకు అంత ఆక్సిజన్ ప్రమాదం.

ఏ స్కేలైనా, కొత్తగా తికమకగా మాట్లాడితే దానికే 3. ఆ ఒక్క గడి చాలాసార్లు ఖాళీగా వదిలేస్తారు, దయచేసి నింపండి.