డాన్స్ చార్టులో ‘నంబర్ వన్’: ఏ చార్టు, ఏ తేదీ?

ప్రశ్న: అమెరికా బిల్‌బోర్డ్ పత్రిక డాన్స్ చార్టుల్లో మొదటి స్థానానికి వచ్చిన పాటలన్నీ వారాలవారీగా రాసుకుంటున్నాను. 2015లో ఒకే వారానికి ఒకచోట ఒక పాట, ఇంకోచోట వేరే పాట కనిపిస్తున్నాయి. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే కావచ్చు. ముందు చార్టు పేరు చూడండి. 2013 నుంచి 2020 దాకా మూడు డాన్స్ చార్టులు పక్కపక్కనే నడిచాయి. ‘డాన్స్ క్లబ్ సాంగ్స్’కు అమ్మకాలతో పని ఉండేది కాదు. ఎంపిక చేసిన క్లబ్ డీజేలు వారంవారం పంపిన జాబితాలే దానికి ఆధారంగా ఉండేవి. 2003లో వచ్చిన ‘డాన్స్/మిక్స్ షో ఎయిర్‌ప్లే’ రేడియో ప్రసారాలను లెక్కిస్తుంది. 2013 జనవరిలో మొదలైన ‘హాట్ డాన్స్/ఎలక్ట్రానిక్ సాంగ్స్’ స్ట్రీమింగ్, అమ్మకాలు, రేడియోలను కలిపి లెక్క కడుతుంది. మూడింటినీ ఒకే వరుసలో రాస్తే జాబితా పాడైపోతుంది. మూడు గళ్ళు గీసుకోండి.

తేదీతోనూ జాగ్రత్త. చార్టు మీద వేసేది రాబోయే శనివారం తేదీ. లెక్క మాత్రం అంతకు ముందే, శుక్రవారం నుంచి గురువారం వరకు నడిచిన వారానిది. 2024 జనవరి 6 తేదీ వేసిన చార్టులో ఉన్నది 2023 డిసెంబరు 22 నుంచి 28 దాకా నమోదైన లెక్క. ఏడాది చివరి పాటలు రెండు జాబితాల్లో రెండు సంవత్సరాల కింద కనబడేది ఇందువల్లే. చార్టు తేదీనే పట్టుకుని రాయండి, గందరగోళం ఉండదు.

ప్రశ్న: పాప్ గాయని మడోనాకు క్లబ్ చార్టులో 50 నంబర్ వన్‌లు అంటారు. ప్రధాన చార్టు హాట్ 100లో ఆమెకు ఉన్నవి 12. ఇంత తేడా ఎందుకు?

జవాబు: క్లబ్ చార్టుకు ఎక్కేది చాలాసార్లు రేడియోలో విన్న పాట కాదు, దాని రీమిక్స్, అంటే అదే పాటను మార్చి కూర్చిన రూపం. డీజేకు కావలసింది పాట మొదట్లోనూ చివర్లోనూ ఉత్త దరువు. నిమిషానికి 128 బీట్ల వేగంలో 16 బార్లంటే (బారుకు నాలుగు చొప్పున) 64 బీట్లు, సరిగ్గా 30 సెకన్లు. నడుస్తున్న పాటలోంచి కొత్తదాంట్లోకి జారడానికి ఆ మాత్రం వ్యవధి ఉండాలి. అది లేని పాట ఎంత పెద్ద హిట్టయినా డీజేకు ఇబ్బందే. అందుకే కంపెనీలు ఒక్కో సింగిల్‌కు నాలుగైదు రకాల రీమిక్స్‌లు చేయించి డీజేలకు పంపేవి. ఏ రీమిక్స్ వాయించినా లెక్క ఒకే పాట ఖాతాలో పడేది. పైగా డీజేలకు ఎప్పటికప్పుడు కొత్త సరుకు కావాలి కాబట్టి అక్కడి శిఖరం త్వరగా చేతులు మారేది.

అయినా 50 మామూలు సంఖ్య కాదు. ఏ ఒక్క బిల్‌బోర్డ్ చార్టులోనైనా ఆమె ఆ సంఖ్యకు చేరేనాటికి అన్ని నంబర్ వన్‌లు సాధించినవారు ఇంకెవరూ లేరు. అంతకుముందు రికార్డు కంట్రీ చార్టులో జార్జ్ స్ట్రెయిట్‌ది, 44. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. 1991 తొలినాళ్ళ వరకు ఒక రికార్డులోని పలు పాటలు ఒకే స్థానాన్ని పంచుకోవచ్చు. 1983లో మడోనా తొలి నంబర్ వన్ ‘హాలిడే’, ‘లక్కీ స్టార్’ రెండూ కలిసి వచ్చినదే. దాన్ని ఒకటిగానే లెక్కించాలి. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ అయితే మొత్తం ఆల్బమ్ ఒకే వరుసలో పైకి చేరింది. పాత జాబితాల్లో లెక్కలు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

ప్రశ్న: జాబితాను 1974 నుంచి మొదలుపెట్టవచ్చా?

జవాబు: దేశం మొత్తానికి అయితే వద్దు. 1974 అక్టోబరు 26న గ్లోరియా గేనర్ పాట తలమీద ఉన్న ఆ తొలి చార్టు న్యూయార్క్ క్లబ్బులది. జాతీయ చార్టు 1976 ఆగస్టు 28న వచ్చింది.

ప్రశ్న: మార్ష్‌మెలో, బాస్టిల్‌ల ‘హ్యాపియర్’ 69 వారాలు మొదటి స్థానంలో ఎలా నిలిచింది?

జవాబు: అది హాట్ డాన్స్/ఎలక్ట్రానిక్ చార్టులో. స్ట్రీమింగ్‌లో విన్న పాటనే మళ్ళీ వింటే మళ్ళీ లెక్క పడుతుంది. కొనుగోలు ఒక్కసారితో సరి. పోటీ కూడా ఒక్క శైలికే పరిమితం. అన్ని శైలులూ తలపడే హాట్ 100లో ఇదే పాట 2వ స్థానం దాటలేదు. 2025 జనవరిలో పాప్ గాయకుల డాన్స్ పాటలను వేరే చార్టుకు మార్చారు. కనుక ఆ తర్వాతి వారాల రికార్డులను ఈ 69తో పోల్చకండి.

ప్రశ్న: క్లబ్ చార్టు గడిని ఎక్కడ ఆపాలి?

జవాబు: 2020 మార్చి దగ్గర. కరోనాతో క్లబ్బులు మూతపడ్డాయి, డీజేల జాబితాలు ఆగిపోయాయి, చార్టునూ నిలిపేశారు.